ఈ గంప ఎవరిది?

(వరంగల్ సభలో ఒక ఉపాధ్యాయుడు మాట్లాడిన మాటలు)



నేను ఉపన్యాసం రాసుకొని రాలేదు, ఈ గంప పట్టుకొని వచ్చిన. వరంగల్‌ల పాత సామాన్ల దుకాణంల దొరికింది. "అడివోళ్ల బుట్ట సార్, శానా పాతది" అన్నడు దుకాణపాయన. ఏ అడివి, ఎవరల్లిండ్రు అంటే తెల్వదన్నడు. ధర మాత్రం బాగనే తెలుసు.

గంప అంటే మేదరోళ్లదే అనుకున్న నేను. బడిల పిల్లలకు కూడా అట్లనే చెప్పిన, తప్పు నాదే. ఒక ఎరుకల అవ్వకు చూపిస్తే నవ్వింది. "గణుపేది బిడ్డా?" అన్నది.

వెదురు బద్దకు గణుపు ఉంటది, ఎంత సన్నగ చీల్చినా దాని జాడ పోదు. ఈత బరిగెకు గణుపు ఉండదు, ఆకు గీకిన మచ్చలు వరుసగ ఉంటయి. వేలితోని రాసి చూడుండ్రి, తగులుతయి. అట్లని ఎరుకలోళ్లు వెదురు ముట్టరని కాదు, దబ్బ ఎరుకలని పేరే ఉన్నది. అందుకే అవ్వ అంచు తిప్పి చూసింది. "మా అత్త ఇట్లనే మలిపేది" అన్నది. లోపల పేడతోని అలికిన పూత ఉన్నది, సందుల నుంచి గింజ జారకుంట. అడుగున నడుమ నున్నగ అరిగింది, సుట్టబట్ట మీద పెట్టి మోసిన జాగ అది. మోసింది మన అమ్మలే. ఆ గింజ ఎవరి గుమ్మికి పోయిందో మీకు చెప్పాల్నా?

గంప మీద అల్లినామె పేరు లేదు. ఆ కులం పేరు పోలీసు రిజిస్టర్ల ఉన్నది. 1871ల ఇంగ్లీషు సర్కారు నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతోని అది మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, ఎరుకలోళ్ల మీద పడ్డది. పుట్టిన పిల్ల కూడా దొంగే అన్నరు. స్టువర్టుపురం సెటిల్మెంటు అట్ల వెలసిందే. 1952ల చట్టం రద్దయింది. కాని ఇయ్యాల ఊళ్లె సామాను పోతే మొదలు ఎవరి గుడిసెకు పోతరు?

మేదరోళ్లది ఇంకో గోస. 1927 అడవి చట్టం వెదురును చెట్టన్నది. కమలాపురం రేయాన్ ఫ్యాక్టరీకి లారీలకు లారీలు వెదురు పోతే అది పరిశ్రమ, మేదరాయన రెండు బొంగులు తెస్తే దొంగతనం. ఆ ఫ్యాక్టరీ 2014ల మూతబడ్డది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురు మీద హక్కు ఇచ్చింది, కాని అడివిల ఉండేటోళ్లకు. ఆదివాసీ కానోళ్లు మూడు తరాలు, అంటే 75 ఏండ్లు, ఉన్నట్టు చూపియ్యాలె. పట్నంల మేదరోళ్లు ఏం చూపిస్తరు? 2017ల చట్టం మార్చిండ్రు, అడివి బయటి వెదురుకే.

ఎరుకల ఎస్టీ, మేదరి బీసీ-ఏ, మోసిన మాల మాదిగ ఎస్సీ. గంప ఒక్కటే, కాయిదాలు మూడు. వెదురు కోసం దరఖాస్తు పెడితే మూడు సంతకాలు ఒక్క కాయిదం మీద ఉండాలని నా మాట.

గంప మా బడిలనే ఉంటది. మీ ఊర్ల ఎరుకల అవ్వలు, మేదర తాతలు ఉంటే ఆదివారం తోలుకరాండ్రి. అంచు మలిపేది పిల్లలు చూడాలె. పేరు చెప్తే రాసి పెడత.