వెదకి వెళ్ళినవారు, వెదుక్కుంటూ వచ్చినవారు

(శతవత్సర మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పూట మనకు అప్పగించిన అంశము "సువార్త అందని జనముల యొద్దకు". మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ఈ పని ఎలా జరిగిందో జ్ఞాపకం చేసుకుని, ఇకముందు ఎలా జరగాలో కలిసి ఆలోచించడమే ఈ నాలుగు మాటల ఉద్దేశము. ఏ ఒక్క మిషనునూ పొగడడానికి గాని, తక్కువ చేయడానికి గాని మనము ఇక్కడ కూడలేదు. లూథరన్, బాప్టిస్టు, ఆంగ్లికన్, కతోలిక, సాల్వేషన్ ఆర్మీ, ఎవరి చరిత్రయినా మన చరిత్రే. చుట్టరికాలు కలుపుకుంటే మన ఇళ్ళలో అందరూ ఉన్నారు.

1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు తుడిచిపెట్టింది. ఊళ్ళకు ఊళ్ళు పాడుపడ్డాయి. ఆ కరువు తరువాత పదేళ్ళకు, 1842 జూలై 31న, హయ్యర్ అయ్యగారు గుంటూరులో అడుగుపెట్టారు. అంతకు ముందు ఏడే, కృష్ణ అవతల మచిలీపట్నంలో ఆంగ్లికన్ మిషనరీలు నోబుల్, ఫాక్స్ దొరలు పని మొదలుపెట్టారు. హయ్యర్ గారు జర్మనీలో పుట్టి అమెరికాలో పెరిగిన లూథరన్ సేవకుడు. ఆయన బడులు పెట్టారు, ఆడపిల్లలకు చదువు చెప్పించారు, పల్నాడు దాకా వెళ్ళారు. మూడోసారి మన దేశానికి వచ్చినప్పుడు ఆయనకు డెబ్బయి ఏళ్ళు దాటాయి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత తెనాలి, రేపల్లె ప్రాంతాలు పంట భూములయ్యాయి. కూలి పని ఉన్న చోటికి కుటుంబాలు తరలివచ్చాయి. వారి వెనుకనే ప్రసంగీకుడూ, పంతులూ, బైబిలు స్త్రీ కూడా వచ్చారు.

ఇంతవరకు మనము తరచు వినే కథే. దొరలు వెదకి వచ్చారు, మనవారు దొరికారు అని చెప్పుకుంటాము. అది నిజమే గాని, సగమే నిజము. తక్కిన సగము ఎర్రగుంట్ల పేరయ్యగారి జీవితములో ఉన్నది.

పేరయ్యగారు కనిగిరి సీమలో తాళ్ళకొండపాడు వాస్తవ్యులు. మాదిగ కుటుంబము, తోళ్ళ వ్యాపారము. చదువు లేదు. అయినా దేవుని తెలుసుకోవాలన్న తపనతో రాజయోగ గురువుల బోధ విన్నారు, సాధన చేశారు. వ్యాపారం మీద ఉత్తరాదికి పోయినప్పుడు ఏలూరులో అలెగ్జాండరు దొరగారి నోట సువార్త విన్నారు. ఒంగోలుకు కూడా ఒక మిషనరీ రాబోతున్నాడని తెలుసుకుని కాచుకుని ఉన్నారు. 1866లో పేరయ్యగారు, ఆయన భార్య నాగమ్మగారు బాప్తిస్మము పొందారు. ఇక్కడ ఎవరు ఎవరిని వెదికారు? క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టక ముందే పేరయ్యగారు ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడింది. ఆ మీదట పల్లె పల్లెకూ సువార్త మోసినది పేరయ్యగారూ, ఆయన బంధువులూ, ఆయన వంటి పేదలూ. చెప్పులు కుట్టే చోటనే, పెండ్లిపందిట్లోనే, చావు ఇంటి అరుగు మీదనే ఆ మాట నడిచింది.

అప్పుడు ఒక పరీక్ష వచ్చింది. మాదిగవారిని చేర్చుకుంటే అగ్రకులాల పిల్లలు బడి మానేస్తారన్నారు. క్లౌ దొరగారూ, దొరసానిగారూ వేర్వేరుగా వాక్యము తెరవగా ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో ఒకే భాగము తగిలిందట. పేదలను కాదనరాదని నిశ్చయించుకున్నారు. బడిపిల్లలు వెళ్ళిపోయారు. ఆ నష్టానికి వారు ఒప్పుకున్నారు.

1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి ఇప్పించారు. కాని కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశారు. అన్నం కోసం వచ్చారన్న మాట ఎవరి మీదా పడకూడదనుకున్నారు. గంజికేంద్రాలు మూతపడిన తరువాత, 1878 జూలై 3న, ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనము గర్వంగా చెప్పుకుంటాము. దానికి ముందు ఆయన చేయించిన ఆ నిరీక్షణను కూడా అంతే గర్వంగా చెప్పుకోవాలి. ఆ ఉద్యమపు అల దక్షిణం నుండి మన వైపు సాగగా, 1883లో బాపట్ల బాప్టిస్టు మిషను కేంద్రమైంది.

ఇక ఇదే బాపట్ల ప్రక్కన జరిగిన మరొక సంగతి. స్టువర్టుపురం పేరు వినని వారు మనలో లేరు. ఎరుకలవారు పూర్వం ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తాకూ మెట్టకూ నడుమ వర్తకం చేసిన జనము. రైలు వచ్చి, ఉప్పు మీద సర్కారు పెత్తనం పెరిగి, ఆ వర్తకం పోయింది. బ్రతుకుతెరువు పోయినవారికి సర్కారు పెట్టిన పేరు నేరస్థ జాతి. 1911 చట్టం మద్రాసు రాజధానికి కూడా వర్తించింది. దాని క్రింద 1913-14 ప్రాంతంలో స్టువర్టుపురం సెటిల్మెంటు ఏర్పడింది. మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. అక్కడ బడి ఉన్నది, భూమి ఉన్నది, మందు ఉన్నది, ప్రార్థన ఉన్నది. వాటితోపాటు హాజరు పట్టీ ఉన్నది, ఊరు దాటాలంటే పాసు ఉన్నది. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలూ అక్కడి నుండే వెళ్ళారు.

అక్కడ పనిచేసిన సేవకులలో ప్రేమ లేదని మనము అనలేము. కాని సువార్త చెప్పే నోరూ, హాజరు పిలిచే నోరూ ఒకటే అయినప్పుడు వినేవానికి ఏది సువార్తగా వినిపిస్తుంది? ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. దాని కోసం పాటుపడిన వారిలో వెన్నెలకంటి రాఘవయ్యగారు ఒకరు. పేరు మీది మచ్చ మాత్రం చట్టముతో పోలేదు. 1970లలో ఆ ఊరి మనుషుల నడుమ సంస్కరణకు పూనుకున్నది లవణంగారు, హేమలతగారు. హేమలతగారు మన జాషువా కవిగారి కుమార్తె. లవణంగారు నాస్తికులు గోరాగారి కుమారులు. దేవుడు లేడన్నవారు ఎరుకల ఇంటి గుమ్మములో కూర్చుని "మీకేమి కావాలి?" అని అడిగితే, దేవుని పేరు చెప్పేవారమైన మనము సంతోషించాలి, సిగ్గుపడాలి కూడా.

మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. 1985 జూలై 17న కారంచేడులో దళితుల మీద దాడి జరిగింది. ప్రాణాలు చేతబట్టుకుని వచ్చినవారు చీరాలలో చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ రోజు సంఘము ఎక్కడికీ వెదకి వెళ్ళలేదు. జనమే సంఘాన్ని వెదుక్కుంటూ వచ్చారు. అప్పుడు గేటు తెరిచి ఉండడమే సువార్త.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి బాపట్ల, రేపల్లె అందులో చేరాయి, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. పటము మారింది గాని, మన ప్రశ్న మారలేదు. కాలువగట్ల మీద యానాది కుటుంబాలు, నిజాంపట్నం వైపు పల్లెకారులు, స్టువర్టుపురం ఎరుకలవారు, వీరు మన బెంచీల మీద ఎక్కడ కూర్చుంటున్నారు? ఈ జిల్లాలలో లూథరన్లలో ఎక్కువమంది మాలలు, బాప్టిస్టులలో ఎక్కువమంది మాదిగలు అని లోకమంతా ఎరుగును. సువార్త కులాల దారినే నడిచి వచ్చింది, అది కాదనలేము. కాని దారి చివర ఇల్లు కూడా కులాన్ని బట్టే కట్టుకుంటే, మన ప్రక్క వీధియే మనకు సువార్త అందని సీమ అవుతుంది.

అందుచేత మన సంఘముల ముందు మూడు మనవులు ఉంచుతున్నాము.

ఒకటి, వెళ్ళే ముందు వినుటకు వెళ్దాము. ఎరుకలవారికి తమ స్వంత భాష ఉన్నది. దానిలో పది మాటలైనా నేర్చుకోని వాడు వారి మధ్య పది ప్రసంగాలు చేయకూడదు. వారు పెట్టిన గంజి త్రాగిన తరువాతనే మన మాట చెప్పాలి.

రెండు, నిజము దాచకూడదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వును బట్టి క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులాల హోదా లేదు, మన రాష్ట్రంలో బి.సి. "సి" క్రింద లెక్కిస్తారు. షెడ్యూల్డు తెగలవారికి మతము వలన ఆ హోదా పోదు. ఇది చెప్పకుండా ఎవరి పేరూ రిజిస్టరులో వ్రాయకూడదు. తరువాత ఏడ్చేది వారి పిల్లలు.

మూడు, అవసరాన్ని ఎర చేయకూడదు. యానాది కుటుంబానికి రేషను కార్డు, కుల ధ్రువపత్రము, పిల్లవానికి హాస్టలు సీటు ఇప్పించగలిగితే ఇప్పిద్దాము. వారు ఆరాధనకు వచ్చినా, రాకపోయినా. కరువు రోజులలో బాప్తిస్మాలు ఆపిన ఆ ఓర్పు మనకు స్వాస్థ్యముగా ఉన్నది.

తొంభైతొమ్మిది గొఱ్ఱెలను విడిచి ఒక దానికోసము వెళ్ళిన కాపరిని ప్రభువు మనకు చూపించారు. ఆ కాపరి చేతిలో హాజరు పట్టీ లేదు. దొరికిన దానిని భుజాల మీద ఎత్తుకున్నాడు, అంతే. రెండవ శతాబ్దములోనికి వెళ్తున్న మన డయోసిస్సుకు అటువంటి భుజాలు దేవుడు దయచేయును గాక.