కరెంటు ఎక్కడినుంచి వస్తుంది?
(ఫ్రిస్కోలో తెలుగు బడి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చిన్నపిల్లలకి శక్తి గురించి ఎలా చెప్పాలో మాట్లాడమన్నారు. నేను చదివింది ఇంజనీరింగే అయినా చేసేది సాఫ్టువేరు ఉద్యోగం. ఆదివారాల్లో మన బడిలో ఆరు నుంచి పదేళ్ళ పిల్లలకి నాలుగు మాటలు చెప్తుంటాను. అందుకని పెద్ద సిద్ధాంతాలు కాకుండా, నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

2021 ఫిబ్రవరి మంచు తుఫాను ఇక్కడ ఎవరూ మరిచిపోయి ఉండరు. టెక్సాస్‌లో 45 లక్షల ఇళ్ళకి, దుకాణాలకి కరెంటు పోయింది. రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు. మా ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఒకే గదిలో పరుచుకుని పడుకున్నాం. తరవాత క్లాసులో ఒక పాప, "అంకుల్, కరెంటు ఎందుకు పోయింది?" అని అడిగింది. "గాలిమరలు గడ్డకట్టాయమ్మా" అనేశాను. అప్పటికి నా చెవిన పడ్డ మాట అదే. ఆ పాప మంచులో ఏడుస్తున్న గాలిమర బొమ్మ వేసింది. దాన్ని క్లాసు గోడకి అంటించాం కూడా.

ఆ నవంబరులో కేంద్ర విద్యుత్ నియంత్రణ సంస్థలు విడుదల చేసిన నివేదిక చూశాక నా మొహం నాకే చూపించబుద్ధి కాలేదు. టెక్సాస్‌లోనూ పక్క రాష్ట్రాల్లోనూ ఆగిపోయిన, లేదా ఉత్పత్తి తగ్గిన యూనిట్లలో 58 శాతం సహజవాయువువి. గాలివి 27 శాతం. దక్షిణ టెక్సాస్‌లో ఒక అణు రియాక్టరు కూడా చలికి ఆగింది. అన్నిటికన్నా ఆశ్చర్యం, కరెంటు కోతల్లో కొన్ని గ్యాసు కేంద్రాలకే కరెంటు తీసేశారు. గ్యాసు లేక కరెంటు తగ్గింది, కరెంటు లేక గ్యాసు తగ్గింది!

మరుసటి ఆదివారం పిల్లల ముందు, "నేను తప్పు చెప్పాను" అని ఒప్పుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ పాప లేచి తన బొమ్మలో గాలిమర పక్కనే ఒక గ్యాసు గొట్టం గీసి, దానికీ కన్నీళ్ళు పెట్టింది. ఆ రోజునుంచి నా పాఠం మారిపోయింది. మారినవి మూడు సంగతులు.

మొదటిది: వనరు వేరు, రూపం వేరు. బొగ్గు, గాలి, నీరు, ఎండ, ఇవి వనరులు. అంటే మనం తెచ్చుకునే చోట్లు. వేడి, వెలుతురు, కదలిక, చప్పుడు, కరెంటు, ఇవి రూపాలు. పిల్లలకి పగటివేషగాడి కథ చెప్తాను. పొద్దున రాముడు, మధ్యాహ్నం హనుమంతుడు. వేషం మారుతుంది గాని మనిషి ఒక్కడే. శక్తీ అంతే, పుట్టదు, పోదు, వేషం మారుస్తుంది. మారినప్పుడల్లా కొంత వేడిగా జారిపోతుంది. కావాలంటే లాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టి చూడమంటాను.

రెండోది: వెనక్కి నడిచే ఆట. బల్బు దగ్గర మొదలుపెట్టి "దానికి ముందు?" అని అడుగుతూ పోవాలి. రామగుండం అయితే కరెంటు, జనరేటరు, టర్బైను, ఆవిరి, సింగరేణి బొగ్గు, కోట్ల ఏళ్ళనాటి చెట్లు, చివరికి సూర్యుడు. శ్రీశైలం అయితే పైనుంచి పడే నీరు, వాన, మబ్బు, మళ్ళీ సూర్యుడే. గాలి వీచేదీ ఎండ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాయడం వల్లే. అప్పుడు మన డాలస్‌కి నైరుతిలో ఉన్న కమాంచీ పీక్ అణు కేంద్రం గురించి అడుగుతాను. అక్కడ యురేనియం దగ్గరే దారి ఆగిపోతుంది, మన సూర్యుడిదాకా పోదు. పిల్లలకి ఆ ఒక్కటే బాగా గుర్తుంటుంది!

మూడోది: ఏ వనరునీ దేవుణ్ణి చెయ్యొద్దు, దయ్యాన్నీ చెయ్యొద్దు. బొగ్గు ఇళ్ళలో దీపం పెట్టింది, గాలిని పాడుచేసింది, భూమిని వేడెక్కిస్తోంది. శ్రీశైలం వెలుగిచ్చింది, ఎన్నో ఊళ్ళని ముంచింది. గాలి, ఎండ పొగ పెట్టవు, కాని మనం పిలిచినప్పుడు రావు. ప్రతిదానికీ ఒక ఖరీదు ఉంది. ఆ ఖరీదు ఎవరు కడుతున్నారో అడగడం పిల్లలకి నేర్పితే చాలు. తీర్పు వాళ్ళే చెప్తారు.

చివరగా హోంవర్కు. "మీ చిన్నప్పుడు దీపం దేనితో వెలిగేది?" అని అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి అడగమన్నాను. ఎప్పుడూ "బాగున్నారా? బాగున్నాను" అని ఫోన్ అమ్మకి ఇచ్చేసే ఒక బాబు, ఆ రోజు అరగంట మాట్లాడాడట. కిరసనాయిలు లాంతరు, బూడిదతో తుడిచే చిమ్నీ, పెరట్లో గోబర్ గ్యాసు, అన్నీ మర్నాటి వారం తెలుగులోనే చెప్పాడు.

మీ పిల్లలు అడిగినప్పుడు జవాబు తెలియకపోతే నాలా తొందరపడి ఏదో ఒకటి అనెయ్యకండి. "కనుక్కుందాం పద" అనండి. అదే మొదటి సైన్సు పాఠం.