విద్యార్థుల చేతిఖర్చు

పిల్లలను కళాశాలకు పంపిన ఇంట రెండు లెక్కలు నడుచును. ఒకటి ఫీజు; అది ఏడాదికి ఒకటి రెండుమార్లు వచ్చి పోవును. రెండవది చేతిఖర్చు. అది చిల్లికుండవంటిది. కారునది చుక్కయే, గాని తెల్లవారుసరికి కుండ ఖాళీ యగును. దినమునకు 20 రూపాయలు చిరుతిండికి పోయినచో నెలకు 600, పది నెలలకు 6,000 అగును. ఈ రెండవ లెక్కను గూర్చియే నేడు ముచ్చటింతుము.

చర్ల ప్రాంతమున వేసవిలో తునికాకు సేకరణ జరుగును. తెల్లవారకమునుపే తల్లులు అడవికి పోయి, ఆకు కోసి తెచ్చి, యాభై ఆకులకొక కట్ట చొప్పున కట్టి కల్లమునకు చేర్తురు. వారికి ముట్టు డబ్బు కట్టల లెక్కనే. ఇప్పపువ్వు ఏరుటయు, మిరపకాయ కోతయు ఇట్టి కష్టములే. ఆ డబ్బులో కొంత, సుమారు 60 కిలోమీటర్ల దూరమున భద్రాచలములో చదువుకొను బిడ్డకు చేరును. కావున ఆ విద్యార్థులకు మేమొక కొలత చెప్పుదుము. ఏదైన కొనునప్పుడు, దీనికై ఇంటివద్ద ఎన్ని కట్టలు కట్టవలసి వచ్చెనో తలచుకొనుడు. సిగ్గుపడుటకు కాదు, రూపాయి బరువు తెలియుటకు.

ఇక మిగుల్చు మార్గములు. మొదటిది ప్రయాణము. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులయందు ఆడవారికి ఛార్జీ లేదు. నిత్యము వచ్చిపోవు మగపిల్లలు విద్యార్థి పాసు తీసికొనవలెను. దినదినము టిక్కెట్టు కొనుట దండుగ. రెండవది పుస్తకములు. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథములను పై తరగతివారియొద్ద తక్కువ ధరకు కొని, పరీక్షలైన పిదప క్రింది తరగతివారికి అమ్మవచ్చును. పాఠ్యప్రణాళిక మారలేదని మాత్రము ముందుగా విచారించుకొనుడు. మూడవది వంట. నలుగురు కలిసి గది తీసికొన్నచో, ఇంటినుండి బియ్యము, చింతపండు, కారము తెచ్చుకొని వంతులవారీగా వండుకొనవచ్చును. నాలుగవది సెల్‌ఫోను. ఒకే పాఠమును నలుగురు వేర్వేరుగా దింపుకొననేల? ఒకరు దింపినచో నలుగురును చూడవచ్చును గదా.

అయితే మిగుల్పరాని చోట్లును కలవు. ఉదయపు తిండి మాని డబ్బు దాచుట పొదుపు కాదు. అడవి ప్రాంతమున మలేరియా ఎరుగని ఊరు అరుదు. జ్వరము తగిలినప్పుడు ఖర్చునకు వెరచి పడుకొనక ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమునకు పోయి రక్తపరీక్ష చేయించుకొనుడు. అచ్చట దానికి రుసుము లేదు. పూర్వము పేద విద్యార్థులు వారములు చేసికొని, దినమునకొక ఇంట భుజించి చదువుకొనిరి. వారు అన్నము మానలేదు, అడిగి తినిరి. నేడు ఆ స్థానమున ప్రభుత్వ వసతిగృహములు, విద్యార్థివేతనములు కలవు. వానికి గడువులోపల దరఖాస్తు పెట్టుకొనుటయు పొదుపులోని భాగమే.

అన్నిటికంటె ప్రమాదమైనది ఫోనులో క్షణములో దొరకు అప్పు. 2020 చివర తెలంగాణలో ఇట్టి యాప్‌ల వారి వేధింపులకు తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. 2022లో రిజర్వు బ్యాంకు ఈ అప్పులకు నిబంధనలు విధించెను. నిబంధనలున్నను, మొదట చెప్పవలసినది ఇంటివారికే.

ఇచ్చట తల్లిదండ్రులకును ఒక మాట. లెక్క అడుగగనే గద్దించినచో బిడ్డ ఖర్చు మానడు, చెప్పుట మానును. ఇంటి ఇబ్బందిని మీరు దాచకుడు. తన పొరపాటును బిడ్డ దాచడు. ఒక చిన్న నోటుపుస్తకము కొనియిండు. రాత్రి పడుకొనబోవుముందు ఆనాటి ఖర్చును అందులో వ్రాయవలెను. సెలవులకు వచ్చినప్పుడు ఆ పుస్తకమును ఇంటిల్లిపాది ముందు ఒకమారు చదివి వినిపింపవలెనని మా మనవి.