ఆటపటానికి మూడవ కొలత

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం పోయే దారిలో ఉంగుటూరు ఉన్నది. ఆ ఊళ్ళో ఒక ఇంటి అరుగుమీద, నాపరాతిపై గీసిన దాడి గీతలు చూశాము. ఒకదానిలో ఒకటిగా మూడు చదరాలు. వాటి ప్రక్కల నడిమి బిందువులను కలుపుతూ నాలుగు గీతలు. స్థానాలు 24, ఒక్కొక్కరికి కాయలు 9. మూడు కాయలు ఒకే గీతపై వరుసన కుదిరితే దాడి; ఎదుటివారి కాయ ఒకటి పోతుంది. శ్రోతలలో ఈ ఆట ఆడినవారు ఉండవచ్చును.

ఆ గీతలు చూస్తూ ఉండగా మాకొక ఆలోచన తట్టింది. చదరాలు ఒకదానిలో ఒకటి ఉండటం దేనికి? మూడింటినీ ఒకే కొలతలో చేసి, అంతస్తులుగా నిలిపి, నడిమి బిందువుల దగ్గర నాలుగు నిట్రాళ్ళు పెడితే ఆట మారుతుందా? లెక్క వేశాము. చదరాల అంచులపై 12 వరుసలు, కలిపే గీతలు 4, వెరసి 16. మేడ కట్టినా అవే 16. ఏ స్థానానికి ఏది పొరుగో ఆ పొరుగు చెక్కుచెదరలేదు. అనగా మన పిల్లలు సుద్దముక్కతో నేలమీద గీసేది మూడంతస్తుల మేడ అన్నమాట!

ఆటలను రూపొందించే కంప్యూటరు సాధనాలకు ఈ మర్మం తెలుసు. 2018 నుంచి 2023 వరకు మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో సాగిన డిజిటల్ లుడీమ్ ప్రాజెక్టు వారి ‘లూడీ’ అటువంటి సాధనం. పటాన్ని అది బొమ్మగా గాక, గడులు, బిందువులు, వాటిని కలిపే గీతల అల్లికగా గ్రహిస్తుంది. అట్టి సాధనానికి మూడవ కొలతను చేర్చటమంటే ‘పైన’, ‘క్రింద’ అనే రెండు పొరుగులను చేర్చటమే గదా అనిపించవచ్చును. అంత సులభం కాదు. చదరపు పటం నడుమ ఉన్న గడికి చుట్టూ 8 గడులుంటే, ఘనం నడుమ ఉన్న దానికి 26 ఉంటవి. 1907లో ఫెర్డినాండ్ మాక్ అనే జర్మను వైద్యుడు అయిదంతస్తుల చదరంగాన్ని కల్పించాడు, గడులు 125. అందులో మన గుర్రానికి 8 గెంతులకు బదులు 24. మూల నుంచి మూలకు ఘనాన్ని చీల్చుకుపోయే దారి పాత బలాలలో దేనికీ చెందనందున, ఒంటికొమ్ము గుర్రమనే కొత్త బలాన్నే తేవలసి వచ్చింది.

పైగా, ఎత్తు అంటే అన్నిచోట్లా ఒకటే కాదు. వామనగుంటల పీటను తలచుకోండి. 7 చొప్పున రెండు వరుసల గుంటలు, వాటికి లోతున్నది. కాని గుంటలో ఏ చింతపిక్క పైన, ఏది క్రింద అన్న ప్రశ్న లేదు. ఎన్ని ఉన్నవన్నదే లెక్క. కాయమీద కాయ పేర్చే ఆటలలో మాత్రం పైనున్నది ఎవరిదో తెలియక అడుగు పడదు. ఈ భేదం ఎరుగని సాధనం వామనగుంటలను అంతస్తులుగా మార్చి పాడుచేస్తుంది. లేదా వట్టి చదరపు గడులుగా అణచివేస్తుంది. పరుగు తీసే యంత్రానికి ఇది చిన్న పొరపాటు, ఆటకు ప్రాణాంతకం.

ఉంగుటూరులోనే మరొక పని చేశాము. మూడు అట్టలపై దాడి చదరాలు గీసి, పుల్లలపై అంతస్తులుగా నిలిపి, ఆ ఇంటి బామ్మగారిని ఆడమన్నాము. ఆమె వంగి వంగి చూసి, “క్రింద ఎవరి కాయ ఉన్నదో కనబడితే గదా నాయనా, అడ్డు వేసేది!” అన్నారు. సరే, అట్టలు మూడింటినీ ప్రక్కప్రక్కన పరిచాము. గీతలన్నీ కనబడ్డవి గాని, ఒక అట్టనుంచి మరొక అట్టకు నిలువుగా పోయే వరుస ఆమె కంటికి ఆనలేదు. మా కంటికీ ఆనలేదు. మేము దాడి వేసి కూడ గమనించలేదు. ప్రక్కనున్న పిల్లవాడు చెప్పాడు.

సాధనాలు నిర్మించేవారు నియమం మీద పెట్టే శ్రద్ధలో సగమైనా చూపు మీద పెట్టటం లేదని మా అభిప్రాయం. 16 వరుసలనూ ఒక్క చూపులో పట్టి ఇచ్చే అమరిక మేము అంతవరకు చూసిన వాటిలో ఒక్కటే.

బామ్మగారు మా అట్టలను ప్రక్కకు నెట్టి, కాయలు కొంగున వేసుకొని, నాపరాతి దగ్గరకు జరిగారు.