బడి మూతపడిన దినములు



బడిపంతుళ్లు సమ్మె చేయుట న్యాయమా, కాదా యను వివాదమును నేడు తీర్చబూనలేదు. జీతమందని పంతులు నోరు మెదపరాదనుట ధర్మము గాదు. ఐనను ఆ వ్యాజ్యమున వాదియు ప్రతివాదియు గాని వాడొకడు గలడు. వాడు బాలుడు. తీర్పు ఏ పక్షమునకు వచ్చినను నష్టములో కొంత వాని పద్దున పడును. ఆ సంగతినే మీకు విన్నవింపదలచితిని.

2011లో తెలంగాణమున సకలజనుల సమ్మె 42 దినములు సాగినది. ఉపాధ్యాయులును అందు పాల్గొనిరి. 2013లో కోస్తా, రాయలసీమలయందు జరిగిన సమైక్యాంధ్ర సమ్మెలోను పంతుళ్లు చేరిరి. వీరి కోరిక యొకటి, వారి కోరిక దానికి విరుద్ధము. కాని సర్కారు బడుల తలుపులు మాత్రము ఉభయత్ర ఒకే తీరున మూతపడినవి.

బడి మూసినచో పాఠముతోబాటు మధ్యాహ్నభోజనమును నిలుచును. కలవారి బిడ్డకు ఇంట చదువు చెప్పించువారుందురు. కూలివాని బిడ్డ మేకల వెంటనో, చేనిపనికో పోవును. నాలుగు డబ్బులు తెచ్చుటకు అలవాటుపడిన పిల్లవానిని మరల బడికి మరలించుట ఎంత కష్టమో మీరెరుగనిది గాదు.

ఈ నష్టము పెద్దయైన పిదపను వెంటనంటియుండునట. అర్జెంటీనా దేశమున ఉపాధ్యాయుల సమ్మెలు మెండు. అచట ప్రాథమిక విద్యాకాలమున సగటున 88 దినములు సమ్మెలకు లోనైనవారి గతిని ఇద్దరు ఆర్థికశాస్త్ర పండితులు పరిశీలించి 2019లో ప్రకటించిరి. ముప్పది నలుబది యేండ్ల ప్రాయమున అట్టి పురుషుల సంపాదన నూటికి 3 వంతులును, స్త్రీల సంపాదన సుమారు 2 వంతులును తగ్గినదని తేలినది.

తగవు నడుచుచుండగా పాఠము నిలుపని పల్లె యొకటి ఇంగ్లండున గలదు. నార్ఫోక్ సీమలోని ఆ పల్లె పేరు బర్‌స్టన్. అచట హిగ్డన్ దంపతులు పంతుళ్లు. భర్త వ్యవసాయకూలీల పక్షము వహించి 1913లో గ్రామసభకు ఎన్నికయ్యెను. అది ఊరి మతాచార్యునకును, పెద్దరైతులకును కంటగింపైనది. మరుసటి యేట దంపతులను కొలువునుండి తొలగించిరి. 1914 ఏప్రిల్ 1వ తేదీన 72 మంది పిల్లలలో 66 మంది బడి విడిచి ఊరేగింపుగా వెడలిరి. తల్లిదండ్రులకు జరిమానాలు పడినవి. ఐనను చదువు సాగినది: మొదట పచ్చికబయలున, పిదప వడ్రంగి కొట్టమున. కార్మికసంఘములు చందాలంపగా 1917లో క్రొత్త బడి వెలసి 1939 వరకు నడచినది. కాని దీనికి వెలయు గలదు. పాతికేండ్లు ఒక్క ఊరి పిల్లలు రెండు బడులుగా పెరిగిరి. పెద్దల పక్షములు పిల్లలకును సంక్రమించినవి.

మన ఊరికి సమ్మె వచ్చినచో ఏమి చేయవలెను? ముందుగా పంతులుతో మాటాడుడు. ఆయన పోరాటమునకు అడ్డుపడుట మన ఉద్దేశము గాదని తెలుపుడు. ఊరిలో చదువుకొన్న యువతీయువకులచేత రామమందిరముననో, రచ్చబండ కడనో దినమునకు రెండు గంటలు ఎక్కములు, వాచకము చెప్పింపుడు. బీదపిల్లలకు పగటి అన్నము తప్పకుండ చూడుడు. పోయిన దినములను సెలవులలో పూరింతుమని పంతుళ్లవద్ద నాడే మాట గైకొనుడు. ఆ మాట నిలుచుటకు వారి జీతము సకాలమున అందవలెనని సర్కారునకు ఊరి పక్షమున మీరును వ్రాయుడు.

అన్నిటికన్న ముఖ్యమైనదొకటి గలదు. పిల్లల యెదుట పంతులును దూషింపకుడు. పిల్లల యెదుట సర్కారును దూషింపవలదని పంతులునకును చెప్పుడు. సమ్మె ముగిసిన మరునాడు అదే పంతులు అదే గదిలో నిలిచి పాఠము చెప్పవలెను. ఆ పిల్లలే ఆయన మాట వినవలెను. ఆ గౌరవము చెడినచో తలుపు తెరచినను బడి తెరచినట్లు గాదు.