వైపరు తన చోట నిలువకున్న



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము చిన్నది. కారు ముందు అద్దముపై పడిన వాననీటిని తుడుచు వైపరును గూర్చినది. పిల్లలకు వ్యాకరణము చెప్పి విశ్రాంతి తీసికొనుచున్న ఉపాధ్యాయునకు ఈ యినుప చేతితో పనియేమని మీరడుగవచ్చును. ఒకనాడు ఎడ్లబండ్లు నిలిచిన మన వాకిళ్లలో నేడు కార్లు నిలుచుచున్నవి. వానిలో పెక్కు ఇతరులు వాడి విడిచినవి. నడుపువాడు కొడుకో అల్లుడో యైనను, మరమ్మతు సొమ్ము తరచుగా పెద్దల సంచి నుండియే వెడలును. కావున దీని మర్మము పెద్దలు తెలిసికొనుట మేలు.

వరంగల్లు నుండి ములుగు మీదుగా ఏటూరునాగారము పోవు 163వ జాతీయ రహదారిని మీరెఱుగుదురు. ఆ సీమలో వాన ఎంతటిదో 2023వ సంవత్సరము జూలై మాసములో చూచితిమి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినములో సుమారు 650 మిల్లీమీటర్ల వర్షము కురిసెను. అట్టి చోట వైపరు కదలకున్న ప్రమాదమని ఎల్లరును ఒప్పుకొందురు. కాని ఆపినప్పుడు అడుగునకు చేరక అద్దము నడుమనే నిలిచిపోవు వైపరును మనవారు లెక్కచేయరు. “తుడుచుచున్నది గదా, చాలును” అందురు. చాలదు. వాన వెలసి మీట ఆపినంతనే ఆ నల్లని చేయి నడుపువాని కన్నులకు అడ్డముగా నిలుచును. రాత్రివేళ ఎదురు లారీ దీపముల వెలుగులో, ఆ చేతి వెనుక నున్న మనిషిగాని బఱ్ఱెగాని కనబడకపోవుటకు ఒక్క క్షణము చాలును.

1903లో అమెరికా దేశములో మేరీ ఆండర్సన్ అను స్త్రీ వైపరునకు పేటెంటు పొందెను. ఆమె వైపరును బండిలో కూర్చుండి చేతిమీటతో కదల్పవలెను. చేతితో త్రిప్పినప్పుడు ఎక్కడ నిలుపవలెనో ఆ చేతికే తెలియును. 1926లో జర్మనీ దేశపు బాష్ సంస్థ విద్యుత్తుతో తిరుగు వైపరును విక్రయమునకు తెచ్చెను. మోటారునకు కన్నులు లేవు. కావున తన చోట తాను నిలుచు ఉపాయమును యంత్రములోనే అమర్పవలసి వచ్చెను.

ఆ ఉపాయ మిట్టిది. అద్దమునకు దిగువ నొక చిన్న మోటారు కలదు. అది బ్యాటరీ యిచ్చు 12 వోల్టుల విద్యుత్తుతో పండ్ల చక్రమును త్రిప్పును. చక్రమునకు తగిలించిన క్రాంకును, లింకు కడ్డీలును ఆ తిరుగుడును ఇటునటు ఊపుగా మార్చును. పెక్కు కార్లలో ఆ చక్రముమీదనే యొక రాగి పట్టె యుండును. దానిని రాగి నాలుకలు తాకుచుండును. పట్టెలో ఒకచోట మాత్రము ఖాళీ కలదు. దీనినే మెకానిక్కులు పార్కు స్విచ్చి యందురు.

మీరు మీటను ఆపినను మోటారునకు విద్యుత్తు వెంటనే ఆగదు. మీట దారి మూసికొనినను, రాగి పట్టె దారి తెఱచియే యుండును. చక్రము తిరిగి తిరిగి ఖాళీ యున్న చోటికి వచ్చినప్పుడు ఆ దారియు తెగును. అప్పుడే మోటారు తీగ కారు దేహముతో కలియును. తిరుగుచున్న మోటారు క్షణకాలము తానే విద్యుత్తును పుట్టించి, ఆ విద్యుత్తు చేతనే తన వేగమును తాను అణచుకొని నిలుచును. కాడి దించినది రైతే యైనను, కొట్టము దాక నడచునది ఎద్దే గదా! ఇదియు నట్టిదే.

ఇక నిదానము. రోగ మెఱుగక మందు వేయరాదని వైద్యశాస్త్రము. పొగను చూచి నిప్పును ఊహింపవలెనని తర్కశాస్త్రము. ఇచ్చట పొగవంటి గుర్తులు నాలుగు కలవు.

మొదటిది: మీట ఆపిన క్షణములో ఎచ్చట నున్నదో అచ్చటనే వైపరు ఆగుట. రాగి పట్టె దారిన విద్యుత్తు రాలేదన్నమాట. ఆగి ఆగి తుడుచు వేగమున పెట్టినప్పుడు పూర్తిగా ఊగక, కొంచెము కొంచెముగా ఉలికిపడిన అనుమానము మఱింత బలపడును. ఆ తీగయో, దాని ఫ్యూజో, నాలుకల మురికియో కారణము.

రెండవది: మీట ఆపినను ఆగకుండుట, లేదా తన చోటు దాటి మరల తిరుగుట. నాలుకలు అంటుకొనుటయో, రిలే చెడుటయో, దేహముతో కలుపు తీగ వదలుటయో కారణము కావచ్చును.

మూడవది: ప్రతిసారియు ఒకే తప్పు చోట నిలుచుట. ఇచ్చట విద్యుత్తు దోషము సాధారణముగా లేదు. చేతిని తప్పు గాడిలో బిగించిరి, లేదా క్రాంకు జరిగినది.

నాల్గవది: ఒకసారి ఒకచోట, మఱొకసారి కొంచెము ఎడముగా నిలుచుట. నట్టు వదలుటయో, కడ్డీల కీళ్లు అరుగుటయో చూడవలెను.

కొన్ని క్రొత్త కార్లలో ఈ పనిని కంప్యూటరు నడుపును. వానిని తెలిసినవారికే అప్పగింపుడు. మఱియు వైపరు తిరుగుచుండగానే తాళపుచెవి త్రిప్పి బండి ఆపినచో, పెక్కు కార్లలో అది నడుమనే నిలుచును. అది దోషము కాదు. మొదట మీట ఆపి, వైపరు అడుగు చేరిన పిదపనే చెవి త్రిప్పవలెను.

నిరుడు మా మేనల్లుని కారునకు మొదటి గుర్తే కనబడెను. ఒక మరమ్మతుశాలలో మోటారు మొత్తము మార్పవలెననిరి. నేను “మోటారు తిరుగుచున్నది గదా, చెడినదెట్లు?” అని యడిగితిని. హనుమకొండలో మఱియొక మేస్త్రీ మోటారు మూత విప్పి చూపగా, గ్రీజు ఎండి గట్టిపడి నాలుకలపై పేరుకొని యుండెను. తుడిచి, నాలుకలను సరిచేసి, క్రొత్త గ్రీజు పూసెను. కూలి తప్ప వేఱు వ్యయము లేదు. పట్టె అరిగి తెగినచో మోటారు మార్పక తప్పదు. కాని చూచిన పిమ్మటనే ఆ మాట చెప్పవలెను.

మూడవ దోషమును ఇంటనే సవరింపవచ్చును. అద్దమును తడిపి, వైపరును నడపి, మీటతో ఆపుడు. మోటారు తన చోటికి చేరిన పిదప చెవి తీయుడు. అద్దముపై మడచిన తువాలు పఱచుడు. చేయి జారి పడిన అద్దము పగులును. నట్టు వదలించి, చేతిని మెల్లగా ఊపి తీసి, అద్దము అడుగు అంచు వెంట సరిగా నుంచి బిగింపుడు. మరల తడిపి రెండు వేగములందును పరీక్షింపుడు. చెవి పెట్టియున్నంతవఱకు కడ్డీల నడుమ వ్రేళ్లు పెట్టరాదు. మోటారు విప్పదలచినచో బ్యాటరీ ఋణతీగను ముందే తీయవలెను.

అద్దము గల మోటారు బండికి చక్కగా పనిచేయు వైపరు ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలును చెప్పుచున్నవి. మృగశిర కార్తెకు ముందు నాగళ్లను సరిచూచుట మనకు అలవాటు. ఆ దినముననే వాకిట కారు అద్దముపై చెంబెడు నీరు పోసి, వైపరు నడపించి, ఆపించి చూడుడు. అది అడుగునకు చేరినదా లేదా యని చూచుటకు చదువు అక్కఱలేదు. చేరకున్న, ఈ నాలుగు గుర్తులలో ఏది కనబడినదో మేస్త్రీకి చెప్పి, ఆ పిమ్మట ధర అడుగుడు.