పొరుగు నేలపై ఖంతి

(ధమ్మచక్ర ప్రవర్తన దినోత్సవ సందర్భంగా ఖుర్సీపార్‌లో చేసిన ప్రసంగ పాఠం)

 

పది పారమితలలో ఒకదానిని గురించి మాట్లాడవలసిందిగా సంఘంవారు మమ్మల్ని కోరారు. మేము ఖంతిని ఎంచుకున్నాము. సంస్కృతంలో క్షాంతి, మన మాటలో ఓర్పు. ఎంచుకున్న తరువాత రెండు రాత్రులు మాకు సరిగా నిద్ర పట్టలేదన్నది దాచము. మన తాతముత్తాతలకు ఈ దేశంలో ఉచితంగా దొరికిన ఉపదేశం ఏదైనా ఉన్నదంటే అది ఓర్పే. ఊరి బావి దగ్గర ఓర్చుకోమన్నారు, కళ్లంలో కొలత తగ్గితే ఓర్చుకోమన్నారు, వచ్చే జన్మలో బాగుంటుందిలే అన్నారు. ఆ మాటను తిరిగి మన విహారంలోనే, మన పిల్లల ఎదుట, మేమే పలకవలసి రావడం సిగ్గుగా తోచింది. అయినా పలుకుతున్నాము. బుద్ధుడు చెప్పిన ఓర్పు అది కాదని నిశ్చయంగా తెలిసినందువల్ల పలుకుతున్నాము.

ముందుగా మన బస్తీ సంగతి. 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఉక్కు కర్మాగారం కోసం ఒడంబడిక కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ నడుమ నాలుగేళ్లలోనూ, ఆ తరువాతనూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుండి రేకుపెట్టెతో, చోడిపిండి మూటతో రైలు దిగినవారి బిడ్డలం మనం. మట్టి మోసినవారు, కాంక్రీటు కలిపినవారు, కొలిమి ఎదుట నిలబడినవారు మన ఇళ్లలో ఉన్నారు. ఇప్పుడు మూడవ తరం, నాలుగవ తరం నడుస్తున్నది. ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే మనం వరుసగా రెండు నెలలు కూడా నివసించని ఒక పల్లె పేరు చెబుతాము. ఆ పల్లెకు పోతే అక్కడ మనల్ని "భిలాయివాళ్లు" అంటారు. ఇక్కడ "మద్రాసీ" అంటారు.

ఇటువంటి బతుకులో పెద్ద దుఃఖాలకంటె చిన్న చికాకులే ఎక్కువగా మనిషిని అరగదీస్తాయి. రోటీ ఆడదనీ, భాత్ మగదనీ తెలియక ఒక మాట తప్పు పలికితే నలుగురూ నవ్వుతారు. నవ్వినవారు మరునిమిషం మరచిపోతారు, నవ్వించుకున్నవాడు పదేళ్లు మరువడు. మెత్తళ్లు వేయించిన రోజున ఇంటి యజమాని ముక్కు మూసుకుని మెట్లెక్కి వస్తాడు. కుళాయి దగ్గర ముందు నిలబడినా బిందె వెనకకు పోతుంది. స్వగ్రామంలో తల్లి పోయిందని ఉదయం కబురు వస్తే బండి సాయంత్రానికి గాని లేదు. రాయగడ దాటేసరికి అక్కడ అంతా ముగిసిపోతుంది. చితి చూడని కొడుకులు మన బస్తీలో ఎందరున్నారో చేతులెత్తమంటే ఈ సభలో సగం చేతులు లేస్తాయి. కార్యాలయాలలో వినిపించే "కల్ ఆనా" సంగతి వేరుగా చెప్పుకుందాం.

మజ్ఝిమ నికాయంలో పుణ్ణుడనే భిక్షువు కథ ఉన్నది. ఆయన సునాపరాంత దేశానికి పోతానని భగవానుని వద్ద సెలవు అడుగుతాడు. అక్కడి జనం కఠినులు, నిన్ను తిడితే ఏమనుకుంటావు అని బుద్ధుడు ప్రశ్నిస్తాడు. చేయి చేసుకోలేదు కదా, మంచివారే అనుకుంటానంటాడు పుణ్ణుడు. చేయి చేసుకుంటే? మట్టిగడ్డలతో కొట్టలేదు కదా అనుకుంటాను. మట్టిగడ్డల తరువాత కర్ర, కర్ర తరువాత కత్తి, చివరకు ప్రాణం దాకా ఆ ప్రశ్నలు పోతాయి. పుణ్ణుని జవాబు మారదు. అప్పుడు బుద్ధుడు, ఇంతటి నిగ్రహం ఉన్నవాడివి, వెళ్లవచ్చునని అనుమతిస్తాడు.

ఈ కథను మొదటిసారి విన్నప్పుడు మాకు నచ్చలేదు. దెబ్బ తినేవాడికి ఓర్పు నేర్పినవారు లోకంలో కోకొల్లలు, కొట్టేవాడి చేయి పట్టుకున్నవారెవరు అనిపించింది. మీలో చాలామందికి ఇప్పుడు అదే అనిపిస్తున్నదని మీ ముఖాలు చూస్తే తెలుస్తున్నది. అయితే ఈ కథలో సాధారణంగా ఉపన్యాసకులు వదిలివేసే భాగాలు రెండున్నాయి.

పుణ్ణునికి ఆ దేశం పరాయిది కాదు. సునాపరాంతంలోని సుప్పారక రేవులో, అంటే నేటి ముంబయి దగ్గరి సోపారాలో, ఆయన పుట్టాడని సంప్రదాయం చెబుతుంది. వర్తకానికని సావత్థికి వచ్చి భిక్షువయ్యాడు. ఆయన బయలుదేరింది సొంత ఊరికి. సొంతవారి తిట్లకే ఆయన సిద్ధపడవలసి వచ్చింది. బాబాసాహెబ్ జీవితం తెలిసినవారికి ఇది కొత్త కాదు. 1913లో ఆయన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు, తరువాత లండను వెళ్లారు. తాను అస్పృశ్యుడన్న స్పృహే ఆ సంవత్సరాలలో తన మనసు నుండి తుడిచిపెట్టుకుపోయిందని తరువాత రాసుకున్నారు. తిరిగి వచ్చి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరితే తల దాచుకోవడానికి గది దొరకలేదు. పారసీ సత్రంలో పారసీ పేరుతో ఉండవలసి వచ్చింది. కొద్ది రోజులకే కర్రలు పట్టుకున్న మనుషులు వచ్చి బయటికి నడిపారు. అంత చదువు చదివిన మనిషి కామాఠీ బాగ్ అనే తోటలో కూర్చుని రాత్రి బండి కోసం ఎదురు చూశారు. పరదేశమంటే ఏమిటో పటంలో గీతలు చూసి చెప్పలేము.

రెండవ భాగం కథ చివర ఉన్నది. సునాపరాంతం చేరిన పుణ్ణుడు ఒక మూల కూర్చుని దెబ్బలు లెక్కపెట్టుకోలేదు. ఆ ఒక్క వర్షావాసంలోనే అయిదువందల మంది పురుషులను, అయిదువందల మంది స్త్రీలను ఉపాసకులుగా చేశాడు. బుద్ధుడు ఆయనను పరీక్షించింది దెబ్బలకు తట్టుకుంటాడా అని మాత్రమే కాదు. తిట్టు విన్న రోజున కూడా చేయవలసిన పని చేస్తాడా అని. ఖంతిని మేము ఈ విధంగా అర్థం చేసుకున్నాము. ఎదుటివాడు చేసిన అన్యాయం న్యాయమని ఒప్పుకోవడం ఖంతి కాదు. వాడి ద్వేషం మన మనసులోకి దిగి మన పనిని చెడగొట్టకుండా కాపు కాయడం ఖంతి. బాబాసాహెబ్ కూడా బుద్ధుని గురించిన తన చివరి గ్రంథంలో పారమితలను వివరిస్తూ, ద్వేషానికి ద్వేషంతో బదులివ్వకపోవడమే దాని సారమని నిర్వచించారు. ఊరుకోవడమని ఎక్కడా అనలేదు. వీర్యం కూడా ఆ పదింటిలోనే ఉన్నదని మరువకూడదు.

ఆయన ఓర్పును తేదీలతోనే కొలవవచ్చు. నాసిక్ కాలారామ్ ఆలయ సత్యాగ్రహం 1930 మార్చిలో మొదలై ఏళ్ల తరబడి సాగింది. తలుపు తెరుచుకోలేదు. 1935 అక్టోబరు 13న యేవలాలో, హిందువుగా పుట్టాను గాని హిందువుగా చావనన్న భావాన్ని ప్రకటించారు. 1956 అక్టోబరు 14న, మనకు ఒక పూట రైలు ప్రయాణం దూరంలోని నాగపూర్‌లో, దీక్ష తీసుకున్నారు. ఇరవై ఒక్క సంవత్సరాల ఒక్క రోజు. ఆ కాలమంతా ఆయన చదివారు, రాశారు, కొట్లాడారు, రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షత వహించారు. కోపం లేని మనిషి అని ఆయనను ఎవరూ అనలేరు. కోపాన్ని ఒక్క పూటలో ఖర్చు చేసుకోని మనిషి.

ఇప్పుడు "కల్ ఆనా" సంగతి. మన పిల్లల కుల ధ్రువపత్రాలంటే ఈ బస్తీలో నిట్టూర్చని ఇల్లు లేదు. బౌద్ధం స్వీకరించినందువల్ల ఆ హక్కు పోదు. 1990లో జరిగిన సవరణతో బౌద్ధులైన షెడ్యూల్డు కులాలవారికి ఆ గుర్తింపు దక్కింది. మన చిక్కు వేరు. షెడ్యూల్డు కులాల జాబితా రాష్ట్రానికొకటి. ఆ ఉత్తర్వు వెలువడిన 1950 ఆగస్టు 10 నాటికి కుటుంబం ఈ రాష్ట్రపు నేల మీద ఉన్నట్టు కాగితం చూపమంటారు. ఒడంబడిక కుదిరిందే 1955లో. కర్మాగారమే లేని నాడు కర్మాగారపు కూలీ కుటుంబం ఇక్కడ ఎలా ఉంటుంది? 1990లోనే సుప్రీం కోర్టు ముందుకు ఇటువంటి దావా ఒకటి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా చిన్ననాడే బొంబాయి చేరిన తెలుగు విద్యార్థి వేసినది. పుట్టిన రాష్ట్రంలోని గుర్తింపు వలస వచ్చిన రాష్ట్రానికి వెంట రాదని తీర్పు వెలువడింది. వివక్ష మాత్రం టికెట్టు లేకుండానే వెంట వస్తుందని మనకు తెలుసు.

మా ఎరుకలోని ఒక తల్లీకొడుకుల సంగతి చెబుతాము. పేర్లు అక్కరలేదు. కొడుకు ఒక కార్యాలయానికి పోయాడు. మూడవసారి రేపు రమ్మన్నారు. ఆ మూడవసారి కుర్రవాడు కాగితాలు చించి బల్ల మీద కొట్టి నాలుగు మాటలు అని వచ్చాడు. తప్పా? మేము తప్పనలేము. కాని చిరిగినది వాడి దరఖాస్తే, అవతలివాడి రిజిస్టరు కాదు. మరుసటి వారం నుండి తల్లి పోవడం మొదలుపెట్టింది. ఆమెకు హిందీ చదవడం రాదు. చంకలో సంచీ, సంచీలో కోడలు చేత రాయించే ఒక నోటుపుస్తకం. ఏ తేదీన వెళ్లినది, ఏ బల్ల దగ్గర నిలబడినది, ఏ కాగితం అడిగినది అందులో ఎక్కించేది. ఏడవసారి, తొలిసారి అడిగిన దానికి విరుద్ధమైనది అడిగారు. ఆమె మాట పెంచలేదు. పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. ఆ రోజు మొదటిసారిగా ఆమెను కూర్చోమన్నారు.

చివరకు తేలినదేమంటే, భర్త స్వగ్రామం నుండి ధ్రువపత్రం తెచ్చుకుంటే అది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పనికివస్తుంది, ఇక్కడి రాష్ట్ర కోటాకు పనికిరాదు. కుర్రవాడు కోరుకున్న సీటు రాష్ట్ర కోటాలోనిది. అది రాలేదు. ఆమె ఓర్పు గెలిచిందని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టడం మాకు ఇష్టం లేదు. అయితే ఆ నోటుపుస్తకం తరువాత మరి నాలుగు ఇళ్లకు తిరిగింది. ఏ కాగితం ముందు కావాలో, ఏది అనవసరమో ఆ ఇళ్లవారికి దానివల్లనే తెలిసింది.

ఓర్పు గురించి ఇంకొక కథ కూడా మజ్ఝిమ నికాయంలోనే ఉన్నది. అది మనకు కాస్త చేదు. సావత్థిలో వేదేహిక అనే గృహిణి, ఎంతో శాంతమూర్తి అని పేరు. ఆమె దాసి కాళి పనిలో నేర్పరి. యజమానురాలికి నిజంగా కోపం లేదా, తన పని బాగుండడం వల్ల కనిపించడం లేదా అని కాళికి అనుమానం వచ్చింది. ఒకరోజు ఆలస్యంగా లేచింది. మరునాడు ఇంకా ఆలస్యంగా లేచింది. మూడవనాటికి వేదేహిక తలుపు గడియ తీసుకుని దాసి తల పగలగొట్టింది. ఈ కథలో ఓర్పు పరీక్ష ఎవరికి పెట్టారో గమనించండి. దాసికి కాదు. రక్తమోడే తలతో ఇరుగుపొరుగును పిలిచి, చూడండి మీ శాంతమూర్తిని అన్నది కాళి. బుద్ధుడు ఆమెను తప్పుపట్టలేదు.

మనలో కొందరికి ఉద్యోగాలు నిలిచాయి, క్వార్టర్లు దొరికాయి, పిల్లలు ఇంజనీర్లయ్యారు. ఇంటి పనికి వచ్చే ఛత్తీస్‌గఢీ అమ్మాయి ఒకపూట ఆలస్యమైతే మన నోట వచ్చే మాట ఏమిటి? ఈ నేల ఆమె తాతలది. కర్మాగారానికి భూములిచ్చినవి ఆ పల్లెలే. మన రోటీని స్త్రీలింగం చేయలేకపోయినందుకు నవ్వినవారిని గుర్తుంచుకున్న మనమే, ఆమె మాటతీరును ఇంటిలో అనుకరించి నవ్వుతున్నాము. మేము కూడా నవ్వినవారమే. చెప్పుకోవలసిన చోట చెప్పుకుంటున్నాము.

ఇక ఈ నేల మనకు ఎంత పరాయిదో ఒక మాట. వంశధార ఒడ్డున శాలిహుండంలో స్తూపాలున్నాయి. మన పెద్దలు ఆ కొండ నీడనున్న జిల్లా నుండి వచ్చారు. ఇక్కడ రాయ్‌పూర్‌కు తూర్పున మహానది ఒడ్డున సిర్పూర్‌లో బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. ఏడవ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఈ కోసల దేశం చూసి, ఇక్కడి నుండి ఆంధ్రదేశానికి దిగాడు. మన పెద్దలు రైలులో వచ్చిన దారిని ఆయన ఎదురు దిశలో నడిచాడన్నమాట. సిర్పూర్‌కు ఈ శీతకాలంలో పిల్లలను తీసుకుపోవాలని సంఘంవారు అనుకుంటున్నారు. తప్పక పంపండి.

చివరగా ఒక పని. పౌర్ణమి సభ ముగిసిన తరువాత మేము విహారంలో ఒక గంట ఉంటాము. ఎవరి ధ్రువపత్రం, ఎవరి పింఛను, ఎవరి గేట్‌పాస్ ఎక్కడ ఆగినదో నోటుపుస్తకంతో సహా తీసుకురండి. స్వగ్రామంలోని పాత భూమి కాగితాలు, తాతగారి బడి పత్రాలు ఏవైనా దొరికితే చిరిగిపోయాయని పారవేయకండి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడినది 1950 ఆగస్టు 15న, అంటే ఆ ఉత్తర్వు వచ్చిన అయిదు రోజులకు. కనుక పాత కాగితాలలో విశాఖపట్నం జిల్లా, మద్రాసు రాష్ట్రం అని ఉంటే తప్పు కాగితమని కంగారు పడకండి. మనల్ని మద్రాసీలన్నవారు ఆ ఒక్క చోట మాత్రం సరిగానే అన్నారు. ఆ కాగితాల నకళ్లు రెండేసి తీయించి, ఒకటి విహారంలోని బీరువాలో ఉంచుదాము.

జై భీమ్. నమో బుద్ధాయ.